సంక్రాంతి రాత్రి ప్రయాణానికి ముందు హెడ్‌లైట్ల జాగ్రత్తలు

పండక్కి హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బయల్దేరే చిన్న కారులో ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఉన్నాయనుకుందాం. వెనక భాగం సుమారు ఐదు సెంటీమీటర్లు దిగిపోతుంది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 240 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి కారు ముక్కు రెండు శాతం, అంటే మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున, పైకి లేచినట్టే. లో బీమ్ (డిమ్ లైటు) ఒక శాతం కిందికి చూడాల్సింది పోయి ఒక శాతం పైకి చూస్తుంది. నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున్న లైటు 50 మీటర్ల అవతల 120 సెంటీమీటర్ల ఎత్తుకు చేరుతుంది. ఎదురు కారు డ్రైవరు కళ్ళుండేది సరిగ్గా అక్కడే. అతను డిప్పర్ కొడతాడు. మీకేమో ముందు రోడ్డు సరిగా కనబడదు, ఎందుకంటే వెలుగు రోడ్డు మీద లేదు. ఇంటికొచ్చాక చాలామంది చేసే పని ఇంకా ఎక్కువ వాట్ల బల్బు కొనడం. బీమ్ సరిచేయకుండా బల్బు పెంచితే ఎదుటివాడి కళ్ళలో పడే వెలుగే పెరుగుతుంది.

అందుకని ఈ పనిని ప్రయాణానికి కనీసం వారం ముందు, ఓ సాయంత్రం చీకటి పడే వేళకు పెట్టుకోండి. ఏదైనా విరిగినా, సామాను దొరక్కపోయినా సర్దుకోవడానికి టైముంటుంది.

కొనే ముందు, పోయిన వెలుగు ఎక్కడ పోతోందో చూడండి

ముందుగా లైటు పైగాజు. ఇప్పటి కార్లలో అది గాజు కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. పైన ఎండ నుంచి కాపాడే పూత అరిగిపోయాక పసుపెక్కి మసకబారుతుంది. దాని వెనక ఎంత మంచి బల్బు పెట్టినా వెలుగు చెదిరిపోతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే నాలుగు రోజులు మెరుస్తుంది, మళ్ళీ మామూలే. చేస్తే పద్ధతిగా చేయండి: చుట్టూ పెయింటుకు మాస్కింగ్ టేపు వేసి, నీళ్ళు పోస్తూ 800, తర్వాత 1500, తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్లతో వరసగా రుద్ది, పాలిష్ కొట్టి, చివర్న యూవీ క్లియర్ కోటు వేయాలి. ఈ ఆఖరి కోటు ఎగ్గొట్టడమే అందరూ చేసే తప్పు. పూత లేని ప్లాస్టిక్ మరుసటి వేసవికల్లా మునుపటి కంటే ఎక్కువ పసుపెక్కుతుంది.

తర్వాత వోల్టేజి. ఇంజను నడుస్తుండగా, లో బీమ్ వెలుగుతుండగా మల్టీమీటరుతో బ్యాటరీ మీద చూడండి, 14 వోల్టులు వచ్చిందనుకుందాం. ఇప్పుడు బల్బు కప్లర్ (బల్బు వెనక తగిలించే వైరు ప్లగ్గు) వెనక నుంచి మీటరు సూది గుచ్చి, బల్బు పిన్నుల దగ్గర చూడండి. కప్లర్ ఊడదీసి కొలవొద్దు. బల్బు కరెంటు లాగనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా నిండు వోల్టేజి చూపించి మోసం చేస్తుంది. బల్బు దగ్గర 12.6 వస్తే పది శాతం పోయినట్టు, కానీ వెలుగు పోయేది పది కాదు, దాదాపు ముప్పై శాతం. హేలోజన్ బల్బు స్వభావమే అది. వోల్టేజి కాస్త తగ్గితే వెలుగు అంతకు మూడింతలు తగ్గుతుంది. అర వోల్టు కంటే ఎక్కువ పోతుంటే ముందు ఎర్త్ వైరు బోల్టు విప్పి, తుప్పు గీకి, బిగించి మళ్ళీ కొలవండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

అప్పటికీ తేలకపోతే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) వైరింగ్ కిట్టు వేయించవచ్చు. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి జానెడు లోపే 20 ఆంపియర్ల ఫ్యూజు, లో బీమ్‌కు ఒకటి హై బీమ్‌కు ఒకటి రిలే. మామూలు 60/55 బల్బులు రెండూ కలిసి తాగేది తొమ్మిది పది ఆంపియర్లే కాబట్టి ఇది హాయిగా సరిపోతుంది. ఒక్క సంగతి: కొన్ని కార్లలో స్విచ్ తెంపేది పాజిటివ్‌ను కాదు, నెగటివ్‌ను. మీటరు పెట్టి తేల్చుకోకుండా కిట్టు తగిలిస్తే రిలే పనిచేయదు, లేదా ఫ్యూజు ఎగురుతుంది. ఈ పనిలో చెయ్యి తిరగనివాళ్ళు ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడమే నయం.

ఏ బల్బు

చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది హెచ్4: మూడు పిన్నులు, ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, హై బీమ్‌కు 60 వాట్లు, లో బీమ్‌కు 55. లో, హై విడివిడిగా ఉన్న లైట్లలో హెచ్7, హెచ్1, హెచ్11 లాంటివి వస్తాయి. మీ బల్బు అడుగు రేకు మీదే పేరు రాసి ఉంటుంది, దుకాణం వాడి జ్ఞాపకం మీద ఆధారపడకండి.

100/90 వాట్ల బల్బులు షాపుల్లో దొరుకుతాయి, అడక్కపోయినా చూపిస్తారు. లెక్క వేయండి: రెండు వంద వాట్ల బల్బులంటే 16 ఆంపియర్లు దాటుతుంది. కారు అసలు వైరింగ్, స్విచ్, కప్లర్ దానికి తయారైనవి కావు. మొదట కప్లర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత కరిగి పిన్నుకు అతుక్కుంటుంది. రిలే కిట్టు వేస్తే వైరింగ్ బతుకుతుందేమో గానీ, లోపలి రిఫ్లెక్టరు (బల్బు వెలుగును ముందుకు తిప్పే అద్దంలాంటి గిన్నె) మీది వెండి రంగు పూత బల్బుకు పైభాగాన మాడిపోతుంది. ఒకసారి మాడితే లైటు మొత్తం మార్చాల్సిందే. ఫ్యూజు ఎగురుతుంటే ఇంకా పెద్దది వేసేవాళ్ళున్నారు. వైరు కాలకుండా కాపాడే చివరి కాపలాను తీసేయడమే అది.

అదే 60/55 వాట్లలో ఎక్కువ వెలుగిచ్చే రకాలు మంచి కంపెనీలవి ఉన్నాయి. ఫిలమెంట్‌ను మరింత వేడిగా మండించి ఆ వెలుగు తెస్తారు కాబట్టి ఆయుష్షు తక్కువ. డబ్బా మీద ఎంత పెద్ద శాతం రాసుంటే అంత తొందరగా పోతుందని లెక్క. నీలం పూత పూసిన 'సూపర్ వైట్' బల్బు చూడ్డానికి తెల్లగా ఉంటుంది గానీ, ఆ పూత వెలుగులో కొంత మింగేస్తుంది.

ఇక ఎల్‌ఈడీ. హేలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్‌ఈడీ బల్బు పెట్టొద్దన్నది ఇక్కడి సలహా, కారణం ఇదీ. హెచ్4లో లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. రిఫ్లెక్టరు కింది సగానికి వెలుగు పోకుండా అది అడ్డుకుంటుంది, గోడ మీద పదునైన గీత కనబడేది దానివల్లే. రిఫ్లెక్టరు వంపు మొత్తం సన్నటి ఫిలమెంట్ ఫలానా చోట ఉంటుందన్న లెక్కతో చేసింది. ఎల్‌ఈడీ చిప్పులు పలకలా రెండు పక్కలకే వెలుగు చిమ్ముతాయి, చోటు కూడా కచ్చితంగా అదే కాదు. గీత చెదిరి వెలుగు పైకి పోతుంది. మీకు దగ్గర్లో రోడ్డు తెల్లగా మెరుస్తుంది కాబట్టి బాగుందనిపిస్తుంది, నిజానికి దూరం తగ్గుతుంది. పైగా ఎల్‌ఈడీ బల్బు వెనక ఉండే ఫ్యాను అడ్డొచ్చి లైటు వెనక రబ్బరు టోపీ మూతపడదు, వానలో నీళ్ళు లోపలికి. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఎల్‌ఈడీ బల్బులకు అనుమతి ఇస్తున్నారు, అదీ ఫలానా కారు, ఫలానా లైటు అని పరీక్షించి జాబితా కట్టాకే. మన దగ్గర మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, నిబంధనలు ఒప్పని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో ఎవరైనా తెచ్చిపెడతామంటే బల్బు తెప్పించుకోండి, పరవాలేదు. లైటు సెట్టు మాత్రం వద్దు. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి వాటి బీమ్ కుడివైపు పైకి లేస్తుంది, మన రోడ్డు మీద అది ఎదుటివాడి ముఖం.

మార్చేటప్పుడు

లైట్లు ఆపి పావుగంటైనా ఆగండి, తాళం తీసేయండి. ఫ్యాక్టరీ నుంచే జినాన్ లైట్లు వచ్చిన కారైతే ఇక్కడితో ఆపేయండి. వెలిగించేటప్పుడు అందులో ఇరవై వేల వోల్టులు దాటుతుంది.

కప్లర్‌ను వైరు పట్టుకుని కాక, ప్లాస్టిక్ పట్టుకుని అటూ ఇటూ కదుపుతూ లాగాలి. రబ్బరు టోపీ తీసి, తీగ క్లిప్పును నొక్కి పక్కకు తప్పిస్తే బల్బు వస్తుంది. కొత్తదాని గాజును వేళ్ళతో తాకొద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడి పెరిగి గాజు దెబ్బతింటుంది, నెలలు రావాల్సిన బల్బు వారాల్లో పోతుంది. తాకితే స్పిరిట్ అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి బిగించండి. లోపల గ్యాసు ఒత్తిడితో ఉంటుంది, కిందపడితే పేలుతుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి.

హెచ్4 రేకుకు మూడు చెవులుంటాయి, వెడల్పైనది పైకి రావాలి. బల్బు వేలితో కదిపినా ఊగకుండా కూర్చున్నాకే క్లిప్పు వేయండి. కొద్దిగా వంకరగా కూర్చున్నా బీమ్ మొత్తం చెడుతుంది. గోడ మీద గీత అలుక్కుపోయినట్టు కనిపిస్తే స్క్రూల జోలికి పోకుండా ముందు బల్బు తీసి మళ్ళీ పెట్టి చూడండి. రబ్బరు టోపీ మీద పైకి ఏ వైపో గుర్తుంటుంది, అంచు చుట్టూ నొక్కి చూడండి. చినిగితే అది కూడా మార్చాలి. రెండు వైపులా ఒకేసారి, ఒకే రకం బల్బులు వేయండి.

గోడ మీద బీమ్

బల్బు ముట్టుకున్న ప్రతిసారీ ఇది తప్పదు. అపార్ట్‌మెంటు సెల్లారు కనబడినంత చదును కాదు, నీళ్ళు పోవడానికి వాలు పెడతారు. వెనక చక్రాల నుంచి గోడ దాకా ఒకే వాలైతే చిక్కు లేదు, మధ్యలో విరిగితేనే లెక్క తప్పుతుంది. తాపీ మేస్త్రీల నీళ్ళ ట్యూబుతో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

నాలుగు టైర్లలో గాలి సరిగా పెట్టండి. డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి, పెట్రోలు సగమైనా ఉండాలి, డిక్కీ ఖాళీగా ఉండాలి. సీఎన్‌జీ సిలిండరు ఉంటే అది ఎటూ దిగదు కాబట్టి దానితోనే చూడాలి. డాష్‌బోర్డు మీది లెవెలింగ్ చక్రం (బీమ్‌ను కిందికి దించేది) సున్నా మీద పెట్టండి. దీన్ని మర్చిపోయి రెండు మీద ఉండగా సరిచేసి, తర్వాత సున్నాకు తెచ్చేవాళ్ళ బీమ్ చెట్ల మీద పడుతుంది.

కారును గోడకు దాదాపు ఆనించి, ఒక్కో లైటు మధ్యబిందువుకు ఎదురుగా గోడ మీద టేపుతో కూడిక గుర్తు వేయండి. స్టీరింగు తిప్పకుండా నేరుగా వెనక్కి వచ్చి, లైటు నుంచి గోడకు సరిగ్గా 5 మీటర్లు ఉండేలా ఆపండి. కారును రెండుసార్లు కిందికి నొక్కి వదిలితే స్ప్రింగులు సర్దుకుంటాయి. లైటు వెనక ప్లాస్టిక్ మీదో, బానెట్ కింద స్టిక్కరు మీదో 1 శాతం అనో 1.3 శాతం అనో ముద్ర ఉంటుంది. 5 మీటర్ల దగ్గర ఒక శాతమంటే 5 సెంటీమీటర్లు, 1.3 అంటే ఆరున్నర. కూడిక గుర్తుకు అంత కిందగా అడ్డటేపు వేయండి. ముద్ర కనబడకపోతే ఆరు సెంటీమీటర్లు పెట్టుకోండి.

లో బీమ్ వేసి, ఒక లైటుకు అడ్డంగా కాస్త దూరంలో అట్ట నిలబెట్టండి. గుడ్డ కప్పితే వేడికి ప్లాస్టిక్ పాడవుతుంది. వెలుగు పై అంచు కుడివైపు అడ్డంగా, ఎడమవైపు పైకి వాలుగా ఉంటుంది. అడ్డంగా ఉన్న అంచు సరిగ్గా టేపు మీద కూర్చోవాలి, వంపు మొదలయ్యే మూల కూడిక గుర్తు నిలువు గీత కిందికి రావాలి. వెనక రెండు స్క్రూలలో ఒకటి పైకి కిందికి, రెండోది పక్కలకు. స్టార్ స్క్రూడ్రైవరుతో పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఎన్ని చుట్లో రాసుకోండి. పక్కలకు సరిగానే ఉంటే రెండోదాన్ని ముట్టుకోవద్దు. పాత కార్లలో ఈ ప్లాస్టిక్ పళ్ళు పెళుసెక్కి ఉంటాయి, బిగుసుకుంటే బలవంతం చేయొద్దు. హెచ్4లో హై బీమ్ కూడా దీనితోనే సర్దుకుంటుంది, దానికోసం విడిగా తిప్పేదేమీ లేదు.

అంచు కాస్త పైకి ఉంటే దూరం కనిపిస్తుందన్న ఆశ వద్దు. 70 సెంటీమీటర్ల ఎత్తున ఒక శాతం దించితే వెలుగు 70 మీటర్ల దాకా పోతుంది, లో బీమ్‌కు అది చాలు.

కారును అక్కడి నుంచి కదపకముందే లెవెలింగ్ చక్రం తిప్పి చూడండి. గోడ మీద రెండు అంచులూ సమంగా కిందికి దిగాలి. ఒకటి కదలకపోతే ఆ వైపు మోటారు పోయినట్టు. ప్రయాణం రోజున సీట్లన్నీ నిండితే 1, వాటికి తోడు డిక్కీ నిండితే 2, సాధారణంగా ఇదీ వరస, మీ కారు పుస్తకంలో చూసి ఖాయం చేసుకోండి. ఊళ్ళో సామాను దించాక సున్నాకు తేవడం మర్చిపోవద్దు.

పొగమంచులో

తెల్లవారుజామున మంచు పట్టినప్పుడు హై బీమ్ వేస్తే నీటి తుంపరల మీద పడి తెల్లటి గోడలా మీ కళ్ళలోకే తిరిగొస్తుంది. లో బీమ్, ఉంటే ఫాగ్ ల్యాంపులు, అంతే. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని లైట్లకు పసుపు కాగితం అంటిస్తారు. మంచు తుంపరలు పెద్దవి కాబట్టి రంగుతో ఒరిగేది తక్కువ, కాగితం మింగే వెలుగు మాత్రం నిజంగా పోతుంది. నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేయడం కూడా మానండి. మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలిసే దారి ఉండదు.

తీసేసిన పాత బల్బులు ఇంకా వెలుగుతుంటే పారేయకుండా, కొత్తవి వచ్చిన డబ్బాలో పెట్టి గ్లవ్ బాక్సులో వేసుకోండి. వాటితోపాటు రెండు ఫ్యూజులు, స్పిరిట్ గుడ్డ, చిన్న టార్చి. రాత్రి రెండింటికి దారిలో ఒక బల్బు పోతే రోడ్డు పక్కన కాకుండా, ముందొచ్చే పెట్రోలు బంకు వెలుగులో ఆపి మార్చుకోవచ్చు.