రికార్డింగ్‌కి ప్లేట్ రివర్బ్ ఇంట్లో తయారు చేసుకోవడం ఎలా?

రివర్బ్ అంటే పాట ఆగాక కూడా సాగే ప్రతిధ్వని. దాన్ని పుట్టించే ప్లేట్ రివర్బ్ అంటే ఇనప ఫ్రేములో లాగి బిగించిన పల్చటి ఉక్కు రేకు. దాని మీద ఒక చోట చిన్న డ్రైవర్, అంటే రేకును కదిలించే ఎక్సైటర్, అంటించి పాటను పంపుతాం. రేకంతా కంపిస్తుంది. ఆ కంపనాన్ని మరో రెండు చోట్ల పికప్‌లతో పట్టుకుని మళ్లీ మిక్స్‌లోకి తెచ్చుకుంటాం. 1957లో జర్మనీలోని ఈఎంటీ కంపెనీ తన 140 మోడల్‌తో దీన్ని స్టూడియోలకు తెచ్చింది. అంతకుముందు ప్రతిధ్వని కావాలంటే ఖాళీ గదిలో స్పీకరు, మైకు పెట్టుకునేవాళ్లు. ఆ మోడల్ పెట్టెతో కలిపి సుమారు 270 కిలోలు. మనం చేసుకునేది అంత బరువుండదు, ఇద్దరు మనుషులు మేడ మీదకు ఎక్కించగలరు.

అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఇంట్లోనే ఒక గదిలో భజన పాటలు, క్రిస్మస్ పాటలు రికార్డు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ప్లేట్ చేశానని పిలిస్తే సంతోషంగా వెళ్తాను. తీరా వింటే చాలాసార్లు రేకు ఊగుతున్న గలగలే వినిపిస్తుంది. సామాను అంతా దాదాపు సరైనదే కొంటున్నారు. రేకు బిగించే దగ్గర ఒక గంటలో ముగించేస్తున్నారు. చెడేది అక్కడే.

సామాను

కొట్లో సీఆర్ షీటు అని అడగండి, అంటే కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు. మందం 0.5 మిల్లీమీటర్లు. గేజి లెక్కలో అడిగితే ఒక్కో కొట్టువాళ్లు ఒక్కో మందం ఇస్తారు కాబట్టి మైక్రోమీటరు పెట్టి కొలిపించుకోండి. 8 బై 4 అడుగుల షీటు కొని, 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పుకు షీరింగ్ మెషీన్ మీద కోయించండి. గ్రైండరుతో కోయనివ్వకండి, వేడికి అంచు వంకర్లు పోతుంది. చుట్టి ఆటోలో తేవద్దు, ప్లైవుడ్ మీద పరిచి తీసుకురండి. ఒక్క మడత పడినా ఆ రేకు పక్కన పెట్టేయాల్సిందే.

ఇంటి కప్పుకు వేయగా మిగిలిన జీఐ రేకు ఉందండీ, అది వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. జింకు పూత ఉన్న రేకులో నాకు శబ్దంలో మెరుపు ఎప్పుడూ దొరకలేదు. మందం రేకు వాడితే గట్టిగా ఉంటుందన్న ఆలోచన కూడా వదిలేయండి. రేకు ఎంత పల్చగా, ఎంత పెద్దగా ఉంటే అందులో సహజ కంపనాలు అంత దట్టంగా ఉంటాయి. అవి దట్టంగా ఉంటేనే రివర్బ్ తోక, అంటే శబ్దం ఆగాక మెల్లగా తగ్గే భాగం, నున్నగా సాగుతుంది. అదే సైజులో 1 మిల్లీమీటరు రేకు పెడితే ఆ దట్టం సగానికి పడిపోతుంది, విడివిడి స్వరాలు మోగుతాయి.

మిగతావి: ఫ్రేముకు 50 బై 50 మిల్లీమీటర్ల ఎంఎస్ (మామూలు ఉక్కు) స్క్వేర్ పైపు, ఆరు ఎం8 ఐ బోల్టులు (తల రింగులా ఉండేవి), వాటికి రెండేసి నట్లు, 3 మిల్లీమీటర్ల ఇనప పట్టీ, 10 నుంచి 25 వాట్ల ఎక్సైటర్ ఒకటి, దాన్ని నడిపే చిన్న యాంప్లిఫయర్, పికప్‌లుగా 27 మిల్లీమీటర్ల పీజో బిళ్లలు (కంపనాన్ని కరెంటుగా మార్చేవి) రెండు, షీల్డు వైరు, ఎరల్డైట్ జిగురు. చేతులకు తోలు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. రేకు అంచు బ్లేడులా కోస్తుంది.

ఫ్రేము

లోపలి కొలత 2.3 మీటర్లు, 1.3 మీటర్లు ఉండాలి. రేకుకు చుట్టూ 15 సెంటీమీటర్ల ఖాళీ వస్తుంది. నాలుగు లోపలి మూలల్లో 6 మిల్లీమీటర్ల ప్లేటు ముక్కను ఏటవాలుగా వెల్డింగ్ పెట్టించి, ఐ బోల్టుకు బెజ్జం వేయించండి. ఆ ముక్క వెనక స్పానర్ తిరిగేంత ఖాళీ ఉందో లేదో వెల్డింగ్ కాకముందే చూసుకోండి. పొడవు పైపులు రెండింటికీ మధ్యలో ఒక్కో బెజ్జం. "ఆయ్, రేకు మూలలు కూడా నేనే అతికించేస్తానండి" అని వెల్డింగ్ ఆయన అంటే మర్యాదగా వద్దని చెప్పండి. రేకు దగ్గరకు వెల్డింగ్ రాకూడదు.

చెక్క ఫ్రేము గురించి అడిగేవాళ్లకు ఒకే మాట. డెల్టా గాలిలో తేమకు వానాకాలం చెక్క ఉబ్బుతుంది, ఎండలకు ముడుచుకుంటుంది, రేకు బిగువు దాంతోపాటే మారుతుంది. ఉక్కు ఫ్రేము, ఉక్కు రేకు అయితే వేడికి రెండూ ఒకే లెక్కన సాగుతాయి.

మూలలు, బిగింపు

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి.

రేకుకు బెజ్జం వేసి నేరుగా బోల్టు తగిలించకూడదు. అర మిల్లీమీటరు రేకు ఆ లాగుడుకు చిరిగిపోతుంది. ముందు ప్రతి మూల కొనను 3 సెంటీమీటర్ల మేర ఏటవాలుగా కత్తిరించండి. ఆ కొనకు పైనా కిందా ఇనప పట్టీ ముక్కలు పెట్టి, మధ్యలో రేకును నొక్కి, మూడు బోల్టులతో కలిపి బిగించండి. పట్టీల అంచుల్ని ఆకురాయితో గుండ్రం చేయండి, లేకపోతే ఆ అంచు దగ్గరే రేకు తెగుతుంది. ఐ బోల్టు లాగేది పట్టీని, పట్టీ లాగేది రేకును. పొడవు అంచుల మధ్యలో కూడా ఇలాగే చేయండి.

ఫ్రేమును నేల మీద ఇటుకలు పేర్చి పడుకోబెట్టండి. రేకును మధ్యలో పెట్టి ఆరు ఐ బోల్టులూ తగిలించి, నట్లను చేత్తో తిరిగినంత వరకే తిప్పండి. మరలకు గ్రీజు రాయడం మరచిపోవద్దు. నాలుగు వైపులా ఖాళీ సమానంగా ఉందా అని టేపుతో చూడండి. ఒక పక్కకు జరిగి ఉంటే ఇప్పుడే సరిచేయాలి, బిగువెక్కాక జరగదు.

ఇప్పుడు ఒక మూల అర చుట్టు, దానికి ఎదురు మూల అర చుట్టు. తర్వాత మిగిలిన రెండు మూలలు, అదే పద్ధతి. ఎం8 నట్టు ఒక చుట్టు తిరిగితే 1.25 మిల్లీమీటర్లు లాగుతుంది, అర చుట్టుకే చాలా తేడా వస్తుంది. పక్కపక్క మూలల్ని వరసగా బిగించడం, ఒకే మూలను పూర్తిగా బిగించి మరోదానికి వెళ్లడం, ఈ రెండే నేను ఎక్కువగా చూసే తప్పులు. ఇలా చేస్తే రేకు మీద మూల నుంచి మూలకు పొడవాటి ముడత లేస్తుంది. ముడత కనిపిస్తే దాన్ని లాగి పోగొట్టాలని చూడకండి. అన్నీ వదులు చేసి మళ్లీ మొదలుపెట్టండి.

మృదంగం శ్రుతి చేసేటప్పుడు చుట్టూ ప్రతి చోటా తట్టి ఒకే స్వరం పలికేదాకా సరిచేస్తారు. రేకుకూ అదే ఓపిక కావాలి. ప్రతి రౌండు తర్వాత ప్రతి మూల నుంచి 20 సెంటీమీటర్ల లోపలికి వేలి కొసతో తట్టండి. ఏ మూల శబ్దం మిగతావాటి కంటే కిందికి ఉందో అది వదులుగా ఉన్నట్టు. ఆ ఒక్కదాన్నే పావు చుట్టు బిగించి మళ్లీ నాలుగూ వినండి. మధ్య బోల్టులను చివర్లో, రేకు అల్లాడకుండా ఆగేంత వరకే తిప్పండి.

బిగువు ఎక్కడ ఆపాలి? వదులుగా ఉన్న రేకును తడితే శబ్దం ఊగుతుంది, పైకీ కిందికీ వంగుతుంది. బిగువు పెరిగే కొద్దీ ఆ ఊపు తగ్గుతుంది. తట్టిన వెంటనే పొట్టి దెబ్బ, దాని వెనక ఏ స్వరమూ విడిగా మోగని ఊపిరి లాంటి తోక వినిపించినప్పుడు ఆగండి. ఆ తర్వాత ఇంకో రెండు చుట్లు తిప్పితే ఇంకా బాగుంటుందని అనిపిస్తుంది. బాగుండదు, మూలలు సాగుతాయి. బిగించేటప్పుడు ముఖం ఎప్పుడూ బోల్టు వరసలో పెట్టకండి, మర తెగితే అటే ఎగురుతుంది.

ఆ రోజుకు వదిలేయండి. రాత్రికి రేకు, పట్టీలు సర్దుకుని బిగువు కొంత జారుతుంది. మర్నాడు మళ్లీ తట్టి, సరిచేసి, అప్పుడే రెండో నట్టు వేసి లాక్ చేయండి. అదే రోజు సాయంత్రం పాట పంపి వినాలన్న ఆత్రమే చాలా ప్లేట్లను పాడు చేసింది.

డ్రైవర్, పికప్‌లు

ఫ్రేమును నిలబెట్టి కింద రబ్బరు దిమ్మలు పెట్టండి, గోడకు ఆనించకండి. ఎక్సైటర్‌ను రేకు నట్టనడుమ అంటించకూడదు. ఎడమ అంచు నుంచి 85, కింద నుంచి 58 సెంటీమీటర్లు నా కొలత. పీజోలు ఒకటి ఎడమ నుంచి 33, పై నుంచి 38. రెండోది కుడి నుంచి 27, పై నుంచి 31. ఏ రెండు కొలతలూ ఒకేలా ఉండకపోవడమే ముఖ్యం. పీజోలను ఎరల్డైట్‌తో పల్చగా అతికించండి. ఫోమ్ టేపు వాడితే పై శబ్దాలు దానిలోనే ఆగిపోతాయి.

పీజోను మైకు ఇన్‌పుట్‌కి కలిపి, శబ్దం రేడియోలా సన్నగా ఉందని రేకును తిడతారు. తప్పు రేకుది కాదు. పీజోకు 1 మెగా ఓమ్ దాకా ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఉన్న ఇన్‌పుట్ కావాలి, లేకపోతే బేస్ పోతుంది. శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో గిటార్ కోసం ఇచ్చే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ చాలు.

తేమ, తోక పొడవు

సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో రేకు త్వరగా తుప్పు పడుతుంది. పెయింటు వేయకండి, మెరుపు చచ్చిపోతుంది. మెషీన్ ఆయిల్ తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి. అంటించే చోట్లను మాత్రం ముందు థిన్నర్‌తో శుభ్రం చేయాలి. వట్టి చేతులతో ముట్టుకుంటే చెమట మరకలే తుప్పవుతాయి.

తోక తగ్గించాలంటే రేకు వెనక, తగలకుండా, రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు షీటు నిలబెట్టండి. దగ్గరకు జరిపే కొద్దీ తోక పొట్టిదవుతుంది. కోనసీమలో చవగ్గా దొరికేది వదిలేసి ఖరీదైన ఫోమ్ కొనాల్సిన పని లేదు. రేకు మైకులాగే గది చప్పుళ్లన్నీ పట్టేస్తుంది కాబట్టి ఫ్యాను, మోటారు లేని వేరే గదిలో ఉంచండి.

పాట పంపేటప్పుడు 150 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలను ఫిల్టరుతో కోసేయండి. ప్లేట్ నుంచి వచ్చేది ఒక్క రివర్బే కాబట్టి దాన్ని గొంతు పక్కన విడి ట్రాక్‌లో పెట్టుకుని ఎంత కావాలో అంత కలుపుకోండి. గొంతుకైతే పంపే ముందు 30 మిల్లీసెకన్ల డిలే (ఆలస్యం) పెట్టండి, సాహిత్యం స్పష్టంగా ఉంటుంది. డోలుకు, డప్పుకు డిలే అక్కర్లేదు.