స్టాక్ ఇంజన్‌లో హై కంప్రెషన్ పిస్టన్లు వేయడం ఎలా? మన ఎండలకు ఎక్కడ ఆగాలి?

ఏప్రిల్‌లో కర్నూలు ఎండ 42 డిగ్రీలకు చేరితే బానెట్ కింద గాలి ఇంకెంత కాగుతుందో చెప్పక్కర్లేదు. 2020లో బిఎస్-6 వచ్చినప్పుడు సాదా పెట్రోలుకు పెట్టిన కనీస ఆక్టేన్ (ఒత్తిడికి, వేడికి ముందే పేలకుండా తట్టుకునే గుణం) 91. ఈ రెండూ చూసుకునే పిస్టన్లు కొనాలి. స్టాక్ (కంపెనీ ఇచ్చిన) కంప్రెషన్ 9 అయితే, అంటే సిలిండరులోని గాలి, పెట్రోలు తొమ్మిదో వంతుకు నలిగితే, 10 దగ్గర ఆగడం మంచిది. బెంగళూరులో ఎవరో 11తో తిప్పుతున్నారని విని ఆర్డర్ పెడితే మే నెలలో ఇంజన్ విప్పాల్సి వస్తుంది.

9 నుంచి 10కి వెళ్తే లెక్క ప్రకారం పెరిగే పవర్ సుమారు 3 శాతం. 80 హార్స్‌పవర్ బండికి రెండు, రెండున్నర. అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు. ఎలాగూ బోరింగ్‌కి (అరిగిన సిలిండరు గోడ చెక్కించడానికి) వచ్చిన ఇంజనైతేనే ఈ ఖర్చుకు అర్థం.

ముందు సిరంజి, తర్వాత పానా

మారుతి జిప్సీ, ఎస్టీమ్‌లలో వచ్చిన పాత 1.3 లీటర్ల ఇంజన్ తీసుకుందాం. బోరు (సిలిండరు వెడల్పు) 74 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5. ఒక్కో సిలిండరు 324.7 సీసీ. కంప్రెషన్ 9 ఉంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 40.6 సీసీ. 10 కావాలంటే అది 36.1కి దిగాలి. తేడా నాలుగున్నర సీసీ, టీ చెంచాడు కూడా కాదు. అందుకే పిస్టన్ డబ్బా మీద రాసిన అంకెను నమ్మకుండా కొలుచుకోవాలి.

హెడ్డును తిరగేసి, వాల్వులూ ప్లగ్గూ బిగించి, ఛాంబరు (పెట్రోలు మండే గుంట) అంచుకు గ్రీజు రాసి, చిన్న బెజ్జం ఉన్న అక్రిలిక్ పలక మూయండి. సిరంజితో కిరసనాయిలు నింపితే ఎంత పట్టిందో అదే ఛాంబరు సైజు. పిస్టన్ తల మీది గుబ్బను కొలవాలంటే దాని చదును అంచు బ్లాకు పైభాగం నుంచి సరిగ్గా 12 మి.మీ. కిందుండేలా దించి, చుట్టూ గ్రీజు పూసి నింపండి. గుబ్బ లేకుంటే 51.6 సీసీ పట్టాలి. 46.9 పడితే గుబ్బ 4.7 సీసీ అన్నమాట. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య వేసే 1.2 మి.మీ. గ్యాస్కెట్ సుమారు 5.3 సీసీ చోటిస్తుంది. ఛాంబరు సైజుకు దాన్ని కలిపి, గుబ్బను తీసేస్తే మిగిలే చోటు తేలుతుంది.

హెడ్డు వంపును స్టీలు స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తోనే చూడాలి. కడప బండ మీద బోర్లించి చూడటం మన షాపుల్లో అలవాటే గానీ, ఆ బండే అంత చదును కాదు.

బోరింగ్, రింగులు

పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకును బోరింగ్ షాపుకివ్వండి. ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా ఒత్తి చేసిన) పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది, గోడకూ దానికీ మధ్య స్టాక్ గ్యాప్ ఇస్తే పట్టేస్తుంది. తయారీదారు కాగితంలో ఉన్న క్లియరెన్స్‌నే పాటించాలి. ఓవర్‌సైజ్ పిస్టన్లయితే సీసీ మారి ఆర్‌సీతో తేడా వస్తుంది, బండిలో మార్పుల మీద ఆంక్ష పెట్టే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అక్కడే అడ్డొస్తుంది.

పై రింగును ఒంటిగా బోరులో పెట్టి, పిస్టన్‌తో అంగుళం లోపలికి నెట్టి రింగు కొసల మధ్య గ్యాప్ చూడండి. ఈ బోరుకు 0.30 మి.మీ. ఉండాలి, రెండోదానికి కాస్త ఎక్కువ. తక్కువైతే వేడికి కొసలు ఢీకొని బోరు గీసుకుంటుంది. ఒకే కొసను, బయటి నుంచి లోపలికి ఆకురాయితో రాయండి.

క్లే పరీక్ష

పిస్టన్ వాల్వులకు తగలకుండా ఉందో లేదో చూసే ఈ పరీక్షను వదిలేసినవాళ్లే వాల్వులు వంచుకుంటారు. పిస్టన్ మీది వాల్వు గుంటల్లో పిల్లలాడుకునే క్లే అతికించి, నూనె రాసి, గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, టైమింగ్ బెల్టు వేసి క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా బిగిస్తే ఆపేయాలి. హెడ్డు విప్పి క్లేను బ్లేడుతో కోసి మందం కొలవండి. ఇన్‌లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ.కి తగ్గకూడదు.

ఫిట్టింగ్‌లో కొత్తేమీ లేదు. పిస్టన్ మీది బాణం గుర్తు టైమింగ్ బెల్టు వైపు, రాడ్ బోల్టులు కొత్తవి, హెడ్డు బోల్టులు మధ్య నుంచి బయటికి మూడు విడతల్లో.

నీళ్లు, నిప్పు

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. అనంతపురం నీటిలోని సున్నం ట్యూబుల్లో గార కడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం. థర్మోస్టాట్ పీకేయమని చెప్పే మెకానిక్ మాట వినొద్దు. ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది (వేడిని త్వరగా బయటికి పంపేది) వేయండి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన, బాష్‌లో తగ్గితే చల్లన. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే పాత పరికరం) ఉంటే టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం) స్టాక్ కంటే 2 డిగ్రీలు వెనక్కి పెట్టి మొదలుపెట్టండి. ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) బండికైతే రీమ్యాప్, అంటే అందులోని లెక్కలు మార్చడం తప్పదు.

తొలి 1000 కి.మీ. బరువు లాగించకుండా, ఒకే వేగంలో పోకుండా నడిపి ఆయిల్ మార్చండి. తర్వాత కడప నుంచి గువ్వలచెరువు ఘాట్‌కి మధ్యాహ్నం పూట తీసుకెళ్లండి (పాలకోవా దిగేటప్పుడు తినొచ్చు). మూడో గేరులో 2000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే రేకు డబ్బాలో వేరుశనగ బుడ్డలు గలగలలాడినట్టు వినిపిస్తే అదే నాకింగ్ (పెట్రోలు తనంతట తానే పేలడం). వెంటనే కాలు తీసేయండి. ప్లగ్గు విప్పి చూస్తే తెల్ల పింగాణీ మీద మిరియాల పొడి లాంటి చుక్కలుంటాయి. వాటి మధ్య మెరిసే రేణువులుంటే అది కరుగుతున్న పిస్టన్ అల్యూమినియం. టైమింగ్ ఇంకో 2 డిగ్రీలు తగ్గించి మళ్లీ ఎక్కించండి. అయినా ఆగకపోతే 0.3 మి.మీ. మందం ఎక్కువున్న గ్యాస్కెట్ వేస్తే కంప్రెషన్ 9.7 దగ్గరికి దిగుతుంది.