నాన్న ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్?

మా నాన్న ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. నాలుగు జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 అడిగే ప్రాసెసర్ దీంట్లో లేదు. "పని చేస్తున్నదాన్ని పారేసి ముప్పై నలభై వేలు ఎందుకు తగలెయ్యడం?" అన్నారు నాన్న. నాలుగు రోజులు సెలవు పెట్టి కాకినాడ వెళ్ళి, విండోస్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి వచ్చాను.

ఇలాంటి పనికి కూర్చుంటే ముందు డిస్ట్రోల (అంటే లినక్స్‌లోని రకరకాల కూర్పుల) జాబితాలు తెరవకండి, తల తిరుగుతుంది. ఒక కాగితం తీసుకుని, ఆ మనిషి వారంలో కంప్యూటర్ మీద ఏమేం చేస్తారో రాయండి. నాన్న జాబితా ఇదీ: ఈ-పేపర్లు, యూట్యూబ్‌లో ప్రవచనాలు, అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు, మునిసిపాలిటీకి తెలుగులో అర్జీలు, నెలకి నాలుగైదు ప్రింట్లు. సగం పని బ్రౌజర్‌దే. లెక్కల ఎక్సెల్ ఫైళ్ళు ఎంఎస్ ఆఫీస్ లాంటి లిబ్రేఆఫీస్‌లో తెరుచుకున్నాయి. అదే కాగితం మీద ట్యాలీయో, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసే డీటీపీయో ఉంటే మాత్రం ఆగండి, అవి లినక్స్‌లో నేరుగా నడవవు. అన్నం పెట్టే పనైతే విండోస్‌ని ఉంచి, లినక్స్‌ని దాని పక్కనే రెండోదిగా ఎక్కించుకోవడం మేలు.

ఇక పేర్లు. డెబియన్ అనే పాత డిస్ట్రో ఆధారంగా ఉబుంటు 2004లో వచ్చింది, ఉబుంటు ఆధారంగా మింట్ 2006లో. వంట దాదాపు ఒకటే, వడ్డన వేరు. నేను చూసేది ఎన్నాళ్ళు అప్‌డేట్లు ఇస్తారన్నదే. ఫెడోరా అనే ఇంకో డిస్ట్రోలో ఒక్కో వెర్షన్‌కి సుమారు 13 నెలలు. రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఉబుంటు ఎల్‌టీఎస్‌కి (ఎక్కువ కాలం అప్‌డేట్లు ఇచ్చే వెర్షన్‌కి) 5 ఏళ్ళు. మింట్ 22కి 2029 దాకా. నేను ఫెడోరానే వాడతాను, నాకు ఇష్టం కూడా. కానీ ఏడాదికోసారి వెర్షన్ మార్చమని నాన్నకి ఎలా చెప్పను? అన్నీ మనమే అమర్చుకోవాల్సిన ఆర్చ్ అనే డిస్ట్రో సంగతి ఎత్తనే ఎత్తను.

మింట్ అనుకున్నాక అందులో మళ్ళీ డెస్క్‌టాప్ (తెర మీది మెనూలు, కిటికీల తీరు) బట్టి మూడు రకాలు: సినమన్, మాటే, ఎక్స్ఎఫ్‌సీఈ. సినమన్ చూడ్డానికి బావుంటుంది, కింద ఎడమ మూల మెనూ ఉంటుంది కాబట్టి విండోస్ అలవాటున్నవాళ్ళు తడుముకోరు. కానీ ఈ నాలుగు జీబీలో బ్రౌజర్ తెరవగానే ఆయాసపడింది. ఎక్స్ఎఫ్‌సీఈ నయం. నిజం చెప్పాలంటే, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించడం వల్ల వచ్చిన తేడా ముందు ఇదంతా దిగదుడుపే.

ఎక్కించే ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి. ఎనిమిది జీబీది చాలు, రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో తయారు చేసుకోవచ్చు. ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కాలి, కొన్నింట్లో ఎఫ్9 లేదా ఎస్కేప్. డెస్క్‌టాప్ రాగానే ఇన్‌స్టాల్ జోలికి పోకుండా ఒక గంట గడపండి. వైఫై, సౌండ్, కెమెరా చూడండి. మూత మూసి తెరిస్తే లేస్తుందో లేదో చూడండి. మాకు వైఫై కనబడనే లేదు. టెన్షన్ పడ్డాను. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చేది) ఆన్ చేసి, మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫైని నడిపించే డ్రైవర్ అదే చూపించింది. ప్రింటర్ మాత్రం లొంగలేదు. పాత లేజర్ ప్రింటర్, రెండు పూటలు కుస్తీ పట్టి వదిలేశాను. ఇప్పుడు నాన్న పీడీఎఫ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని సందు చివర జిరాక్స్ షాపుకి వెళ్తున్నారు.

తెలుగు టైపింగ్ కూడా అప్పుడే చూసుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ (ప్రభుత్వ ప్రామాణిక కీబోర్డ్ అమరిక) వచ్చినవాళ్ళకి కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే సరిపోతుంది. నాన్నకి లేఖిని వెబ్‌సైట్‌లో కొట్టే అలవాటు, అంటే ఆర్‌టీఎస్, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి. దానికి రకరకాల భాషల టైపింగ్‌కి వాడే ఐబస్, ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీలు వేసి, అందులో తెలుగు ఆర్‌టీఎస్ ఎంచుకోవాలి. "క్షేత్రం", "రాష్ట్రం" లాంటి మాటలు బ్రౌజర్‌లోనూ లిబ్రేఆఫీస్ రైటర్‌లోనూ కొట్టి చూడండి, ఒత్తులు విడిపోతే ఫాంటు మార్చాలి.

అన్నీ కుదిరాకే ఫొటోలు, ఫైళ్ళు బయటి డిస్కులోకి తీసి, ఎక్కించండి. మింట్‌తోపాటే వచ్చే టైమ్‌షిఫ్ట్‌ని మొదటి రోజే ఆన్ చేశాను, ఏ అప్‌డేటో చెడిపితే వెనక్కి వెళ్ళొచ్చని. అది సిస్టమ్‌నే కాపాడుతుంది, ఫొటోలకి వేరే కాపీ ఉండాల్సిందే.

మింట్‌కి ఓటేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా ఎదురింటి కుర్రాడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, ఉబుంటు వాడతాడు. వాడికి తెలిసిన కమాండ్లు దాదాపు అన్నీ ఇక్కడా పనిచేస్తాయి. "వాల్యూమ్ గుర్తు మాయమైందిరా, ఓసారి రా" అని నాన్న ఇప్పుడు నాకు ఫోన్ చెయ్యరు, బాల్కనీలోంచి వాణ్ణే కేకేస్తారు.