తిరగేసినా మారని వాక్యం కట్టడం ఎలా?

గళ్ల నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు చాలు. ఫోన్లో టైపు చేస్తూ కట్టొద్దు. గడికో అక్షరం పెట్టుకుంటేనే తప్పు కంటపడుతుంది.

ముందు, వెనక్కి చదివినా అర్థం వచ్చే చిన్న మాటలు ఏరుకోండి: తల–లత, పాట–టపా, దాకా–కాదా. పక్కపక్కన పెడితే 'లత తల', 'టపా పాట' అయిపోయాయి. ఇంతవరకు చిన్నపిల్లలైనా చేస్తారు. వికటకవిని మాత్రం దయచేసి వదిలేయండి, అరిగిపోయాడు.

అందరూ బోల్తా పడేది లెక్క దగ్గర. గుణింతాన్నీ ఒత్తునీ విడదీయకుండా అక్షరాన్ని అక్షరంగానే తిప్పాలి. 'ముత్యము'లో 'త్య' ఒకటే గడి, అందుకే ఆ మాట నిలుస్తుంది. సున్నా దాని ముందున్న అక్షరానిదే: మం-దా-ర-దా-మం, ఐదు గడులు. 'కిటికీ' కూడా అవుతుందని వాదించేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. కి వేరు, కీ వేరు, చెల్లదు. 'మలయాళం' సంగతీ అంతే: ఇంగ్లిషు అక్షరాల్లో తిరుగుతుంది గానీ మన లిపిలో 'ళంయాలమ' అవుతుంది. దీర్ఘాల దగ్గర చూసీచూడనట్టు పోయేదానికి ఇంత శ్రమెందుకు? నంది తిమ్మన పారిజాతాపహరణంలో 'ధీర శయనీయ శరధీ' అన్న పాదం చూడండి. తొమ్మిది అక్షరాల్లో ఒక్క దీర్ఘం తేడా లేదు, పైగా కందం గణాలు కూడా కుదిరాయి. మనకు గణాల బాధైనా లేదు కదా!

తర్వాత పెంచడం. ఎప్పుడూ నడిమి నుంచి రెండు వైపులకీ పెంచాలి. ఎడమ చివర మొదలుపెట్టినవాళ్లు కుడి చివర ఏదో దిక్కుమాలిన మాటతో తేలతారు. 'దాకా కాదా'ని నడుమ పెట్టి మన వైపు ఊళ్లు ఒక్కొక్కటే తగిలించి చూడండి. పలాస తిరగేస్తే 'సలాప', పనికిరాదు. సాలూరు 'రులూసా', మరీ అన్యాయం. రాజాం తిరగేస్తే 'జాం రా'! బస్సు సగం దారిలో ఆగిపోయిందని స్నేహితుడు గొణిగినట్టే ఉంది:

"రాజాం దాకా కాదా?"
"జాం రా!"

ఖాళీలు, ప్రశ్నార్థకాలు లెక్కలోకి రావు. కానీ 'జామ్' అని పొల్లు పెట్టారో, మొత్తం పోయినట్టే. రాజాంలో సున్నా ఉంటే ఇటూ సున్నాయే ఉండాలి.

కట్టిన వాక్యాన్ని మీరే సరిచూసుకోకండి, అర్థం తెలిసిన కన్ను తప్పుని దాటేస్తుంది. ఇంకొకరి చేతికిచ్చి కుడి నుంచి గడి గడీ పైకి చదవమనండి.