సొంతంగా తమిళం చదవడం – 5వ పాఠం: ‘కుడి’ దగ్గర జారినవారికి

పోయిన పాఠంలో ఇచ్చిన ‘కుడినీర్’ బోర్డుకు చాలామంది ‘కుడివైపు నీళ్ళు’ అని రాసి పంపారు. అది తాగునీరు. తమిళంలో కుడి అంటే తాగు. కొత్త అక్షరాలు వచ్చే పాఠానికి ఉంచి, ముందు ఈ సంగతి తేల్చుకుందాం.

అక్షరాల దగ్గర మీరు తప్పలేదు. ట, డ రెండింటికీ తమిళంలో ఒకటే అక్షరం కనుక ముందు ‘కుటి’ అని కూడబలుక్కుని, అచ్చుల మధ్య ఉందని ‘కుడి’గా సరిచేసుకున్నారు. తీరా తెలిసిన తెలుగు మాట తగలగానే అక్కడే ఆగిపోయారు. లిపి వేరైనా, పెదవి కదపకపోయినా, చదివేటప్పుడు మనసులో ధ్వని పలుకుతుంది. ఆ ధ్వనికి రెండు భాషల మాటలూ మేలుకుంటాయి. డైక్‌స్ట్రా, గ్రేంజర్, వాన్ హ్యూవెన్ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన ప్రయోగాల్లో, డచ్చి మాటలా వినిపించే ఇంగ్లీషు మాటను పోల్చుకోవడానికి డచ్చివారికి ఎక్కువ సమయం పట్టింది. ఫ్రెంచివారితో తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఇలాంటి మాటలకు వేగం పెరిగింది కూడా. అయితే అక్కడ అడిగింది ‘ఇది ఇంగ్లీషు మాటేనా’ అని మాత్రమే. మనకు అర్థం కావాలి. అందుకే చటుక్కున తట్టినదాన్ని నమ్మవద్దంటాను.

‘సొల్లు’ (చెప్పు), ‘వెళ్ళి’ (శుక్రవారం, వెండి) పెద్దగా బాధించవు. తెలుగు అర్థం పొసగక అవే పట్టుబడతాయి. పొసిగినప్పుడే ముప్పు. తమిళనాడు బస్సుల తలుపు దగ్గర ‘పడియిల్ పయణం నొడియిల్ మరణం’ అని తరచూ కనిపిస్తుంది. ‘పడి... మరణం’ అని చూసి, పడితే చస్తామని చెబుతున్నారనుకుని తృప్తి పడతాం. ఇక్కడ పడి అంటే మెట్టు: మెట్టు మీద ప్రయాణం, క్షణంలో మరణం. భావం దగ్గరగానే వచ్చింది కనుక అనుమానమే రాదు, తప్పు అలాగే పాతుకుపోతుంది. చివరనున్న ‘ఇల్’ను చూడండి. అది మన ‘లో’ వంటిది, నామవాచకానికే చేరుతుంది. మన ‘పడి’ క్రియ. దానికి ‘లో’ ఎలా అంటుకుంటుంది? ‘అవసర వళి’ కూడా ఇంతే. తమిళంలో అవసరం అంటే తొందర. అది అత్యవసర ద్వారం. మాట చివర, పక్క మాట చూడకుండా అర్థం ఖాయం చేయకండి.

తమిళ అక్షరాల నెత్తిన పెన్సిలుతో తెలుగు రాసుకోవడం ఈ రోజే మానేయండి. రాసుకున్నంతకాలం మీరు చదివేది తెలుగే.

అభ్యాసం: తిరుపతి బస్టాండులో చెన్నై బస్సులు, చిత్తూరులో అయితే వేలూరు బస్సులు ఆగేచోట గంటసేపు నిలబడండి. తెలుగులా వినిపించే మాటలు 10 ఏరి, ఒక్కోదాన్ని పక్క మాటతో సహా తమిళ లిపిలోనే రాయండి. అర్థాలు ఇప్పుడే రాయవద్దు.