బర్న్‌అవుట్ నుంచి కోలుకోవడం ఎలా? ముందు నిద్ర, ఆ తర్వాతే ప్రార్థన

గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు ముగించుకుని క్యాబ్‌లో ఇంటికొస్తూ, కారణమేమీ లేకుండానే ఏడుపు ఆగని రోజు నాకింకా గుర్తు. ఆ వారమే మా చర్చి సంఘంలో ఒక పెద్దాయన, "ప్రార్థన తగ్గిందమ్మా, మూడు రోజులు ఉపవాసం ఉండు" అన్నారు. ఉన్నాను. ఇంకా నీరసించాను. పైగా, నా విశ్వాసంలోనే లోపముందన్న దిగులు మనసులో పాతుకుపోయింది. అలా నలిగిపోతున్న విశ్వాసుల కోసమే ఇది రాస్తున్నాను.

1. ముందు ఇదేమిటో తెలుసుకోండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను ఐసీడీ-11 అనే తన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ జాబితాలో వివరించింది. ఇది జబ్బు కాదని, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడిని సరిగా సంభాళించుకోలేనప్పుడు వచ్చే పరిస్థితి అని చెప్పింది. గుర్తులు మూడు: ఒంట్లో సత్తువ లేకపోవడం, పని మీద విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామన్న భావన. ఇందులో పాపం మాటే లేదు.

థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం కూడా ఇలాగే నీరసపెడతాయి. కాబట్టి డాక్టర్‌ను కలిసి రక్తపరీక్ష చేయించుకోండి.

2. నిద్రపోండి

బైబిల్లో రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం తీయండి. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ప్రవక్త ఏలీయా, తనను చంపిస్తానన్న రాణి యెజెబెలుకు భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు, ఉపవాసం ఉండమనలేదు. నిద్రపోనిచ్చాడు. తర్వాత దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు ఏలీయా. రెండోసారి కూడా అంతే, లేపి తినమన్నాడు. "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది" అన్నాడు. నలభై రోజుల నడక, హోరేబు కొండ, అక్కడ దేవుని నిమ్మళమైన స్వరం, అన్నీ ఆ తర్వాతే. ఈ వరస నేనెన్నోసార్లు చదివాను గానీ, నాకు అవసరమైనప్పుడే గుర్తు రాలేదు.

కాబట్టి మొదటి రెండు వారాలు నిద్రనే మీ ఆత్మీయ క్రమశిక్షణ అనుకోండి. రోజుకు కనీసం ఏడు గంటలు. రాత్రి షిఫ్టువాళ్లయితే పడకగది కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయండి, ఫోను పక్క గదిలో పెట్టండి, పగలు ఫోన్ చేయొద్దని చుట్టాలకు చెప్పండి. ఇరానీ చాయ్ మీకెంత ఇష్టమైనా నిద్రకు ఆరేడు గంటల ముందే ఆపేయండి. కెఫీన్ అంత త్వరగా ఒంట్లోంచి పోదు. భోజనం మానొద్దు. ఉపవాస ప్రార్థనలు, ఆల్‌నైట్ ప్రేయర్లు కోలుకున్నాక చూసుకోవచ్చు.

చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడకండి. చావు కోరుకున్న ఏలీయాను దేవుడు చిన్నచూపు చూడలేదు.

3. సంఘం పనులు కూడా పనులే

ఇది చెప్పడం కష్టం, కానీ చెప్పాలి. వారమంతా ఆఫీసు, శుక్రవారం గృహకూటం, శనివారం క్వయిర్ ప్రాక్టీసు, ఆదివారం పొద్దున సండే స్కూలు, సాయంత్రం యూత్ మీటింగ్. ఇక విశ్రాంతిదినం ఎక్కడుంది? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనానికి తీర్పు తీరుస్తున్న మోషేతో మామ యిత్రో, నీవు చేస్తున్న పని మంచిది కాదు, ఒక్కడివే చేయలేవు అన్నాడు. మోషే ఆ మాట విన్నాడు.

పాస్టర్ గారితో నేరుగా మాట్లాడండి: "అయ్యగారూ, ఆరోగ్యం బాగాలేదు. మూడు నెలలు ఏ బాధ్యతా తీసుకోలేను. ఆరాధనకు వస్తాను, వెనక కూర్చుంటాను." ఇంతకన్నా వివరణ ఇవ్వక్కర్లేదు.

4. ప్రార్థన చిన్నది చేయండి

గంటసేపు మోకరించలేకపోతే ఒక్క వాక్యం చాలు. "ప్రభువా, అలసిపోయాను" అన్నా ప్రార్థనే. ఒకే కీర్తన వారమంతా చదువుకోండి.

5. వారంలో ఒక రోజు కాపాడుకోండి

ఆదివారం కుదరకపోతే మరో రోజు. ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టండి. కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో నడవండి. వీలైతే ఒకసారి మెదక్ చర్చికి వెళ్లి రండి, నగరం నుంచి సుమారు వంద కిలోమీటర్లు. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి ఇస్తూ కట్టి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన మందిరమది. జనం తక్కువగా ఉండే రోజు చూసుకుని వెళ్లి, ఏమీ అడగకుండా అరగంట కూర్చోండి. ఆ అరగంట నాకు చాలా ఇచ్చింది.

6. ఆఫీసులో ఏదో ఒకటి మారాలి

సెలవు పెట్టి వచ్చాక అదే పని, అవే వేళలు ఉంటే నెలలోనే మళ్లీ మొదటికొస్తుంది. సెలవు ముగిసేలోపే మేనేజర్‌తో మాట్లాడండి. షిఫ్టు మార్పో, ఒక ప్రాజెక్టు తగ్గింపో, స్పష్టంగా ఒకటి అడగండి. రాతపూర్వకంగా అడగండి.

7. ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టండి

పొద్దున లేవగానే గుండె బరువెక్కకపోతే కోలుకుంటున్నట్టే. అప్పుడు ఒక బాధ్యత తీసుకుని నెల రోజులు చూడండి. నేను సండే స్కూలుతో మొదలుపెట్టాను. క్వయిర్‌కు ఇంకా వెళ్లడం లేదు. పాట మాత్రం ఇంట్లో, వంట చేసుకుంటూ పాడుకుంటున్నాను.