పిల్లాడు తనంతట తాను ఫిడేలు తీయాలంటే

విజయనగరంలో పిల్లలకు వయొలిన్ చెబుతాను. 1919లో పెట్టిన సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు ఉన్న ఊరు కాబట్టి పిల్లల్ని చేర్పించడానికి ఇక్కడ ఎవరూ వెనకాడరు. చిక్కంతా సరళి వరుసల్లో, అంటే మొదట నేర్పే స్వర పాఠాల్లో, కొత్తదనం పోయాక మొదలవుతుంది. “టీచర్ గారూ, ఈ గుంటడు ఫిడేలు ముట్టట్లేదండి, సెల్లు మాత్రం వదల్డు. ఏదైనా కొనిపెడతానని చెప్పమంటారా?” అని తల్లులు అడుగుతుంటారు.

ఆశ పెట్టే ముందు, మెదడులో ఆశ ఎలా పుడుతుందో చూడండి. డోపమైన్ ఆనందాన్నిచ్చే రసాయనం అని అందరూ అంటారు కానీ, దాని అసలు పని ‘కావాలి’ అనిపించడం. దక్కాక కలిగే హాయికి మెదడులో వేరే ఏర్పాట్లున్నాయి. వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ కణాలను పరిశీలించారు. అనుకోకుండా నోట్లో పళ్లరసం చుక్క పడితే ఆ కణాలు ఒక్కసారిగా చురుకయ్యాయి. ముందు దీపం వెలగడం, వెనకే రసం రావడం అలవాటయ్యాక, రసం వచ్చినా వాటిలో చలనం లేదు. దీపం వెలగగానే చురుకయ్యేవి. దీపం వెలిగి రసం రాకపోతే, రావాల్సిన సమయానికి మామూలు స్థాయి కంటే పడిపోయేవి.

అందుకే రోజూ ఇచ్చే చాక్లెట్‌కు కొన్నాళ్లకు విలువ ఉండదు. మానేసిన రోజున మాత్రం పేచీ. 1973లో అమెరికాలో చిన్నపిల్లల మీద ఒక పరిశోధన జరిగింది. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పారు. తర్వాత తీరిక దొరికినా వాళ్లు బొమ్మల జోలికి వెళ్లడం తగ్గింది. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో అలా జరగలేదు. కాబట్టి సాధనకు ముందుగా వెల కట్టకండి. బాగా వాయించిన రోజున చెప్పకుండా బయటకు తీసుకెళ్లి ఏదైనా తినిపించండి, తప్పులేదు.

మీ ఇంట్లో ఆ దీపం చేసిన పనిని శ్రుతి పెట్టె శబ్దం చేయాలి. ఫిడేలు పెట్టె బీరువా మీద కాకుండా పిల్లాడి చేతికందే చోట ఉంచండి. రోజూ ఒకే వేళకు శ్రుతి పెట్టె ఆన్ చేయండి, ఫోను వేరే గదిలో పెట్టండి. తర్వాతి వీడియో ఏం వస్తుందో తెలియకపోవడమే ఫోను బలం. అది పక్కనే ఉంటే సరళి వరుస నెగ్గడం కష్టం.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. సరళి వరుసలు నేర్పే రాగం మాయామాళవగౌళలో రిషభం (రి) నుంచి గాంధారానికి (గ) వేలు చాలా దూరం జరగాలి. పిల్లల వేలు సగంలోనే ఆగిపోతుంది, గాంధారం కిందుగా పలుకుతుంది. వరుస మొత్తం మళ్లీ మళ్లీ వాయించమనకండి. ‘స రి గ’ మాత్రమే, నెమ్మదిగా, కమాను పూర్తిగా లాగుతూ వాయించమనండి. వేలు సరైన చోట పడగానే స్వరం శ్రుతిలో కలిసిపోతుంది, పిల్లాడికే తెలుస్తుంది, కళ్లు పెద్దవవుతాయి. సరిగ్గా అప్పుడే “అదీ! గాంధారం నిలిచింది” అనండి. పాఠం అయ్యాక “గుడ్” అంటే దేనికన్నారో వాడికి తెలియదు.

అందరికీ ఒకే మందు పనిచేయదు. దక్కబోయే దానికి ఉరకడం, తప్పు జరుగుతుందేమోనని జంకడం వేర్వేరు వ్యవస్థల పని అని జెఫ్రీ గ్రే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించారు. నలుగురిలో చొరవగా ఉండే స్వభావానికి డోపమైన్‌తో సంబంధం ఉందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. స్వభావంలో దాదాపు సగం తేడా పుట్టుకతో వచ్చేదని కవల పిల్లల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అంటే పుట్టుకే అంతా కాదన్నమాట. “వీడింతే” అని పిల్లాడి ముందు అనకండి.

చొరవగల పిల్లకు దసరాకు గుడిలో వాయించే అవకాశం చూపించండి, రెండో కాలం (రెట్టింపు వేగం) తనే పట్టేస్తుంది. జంకే పిల్లాడికి అదే మాట చెబితే కడుపునొప్పి వస్తుంది. వాడి గది తలుపు వేసి ఉండనివ్వండి, చుట్టాల ముందు “ఏదీ, వాయించు నాన్నా” అనకండి. వాడికి బాగా వచ్చిన వరుసతోనే సాధన ముగించనివ్వండి.

వరుసల తర్వాత నేర్పే చిన్న పాట, గీతం, మొదలుపెట్టే ముందు దాన్ని కొన్నాళ్లు ఇంట్లో వినిపించండి. నచ్చిన సంగీతం వింటున్నప్పుడు, గొప్ప ఘట్టం రాబోతుందన్న ఎదురుచూపులో కూడా డోపమైన్ విడుదలవుతుందని 2011లో మాంట్రియల్ పరిశోధకులు స్కానింగ్‌లో చూపించారు. వాడు కూనిరాగం తీస్తున్నాడంటే చేతికి ఫిడేలు ఇవ్వచ్చు.

ఫిడేలే కాదు, ఆటలు, స్నేహితులు, తిండి అన్నిటి మీదా వారాల తరబడి ఆసక్తి పోతే అది సాధన సమస్య కాదు. బతిమాలడం, తిట్టడం ఆపి డాక్టర్‌కు చూపించండి.